దేశంలో ఇంత ఎండుంటే తెల్లవారుజామున ఏరేటర్ తిప్పేదెవరు?

మీరు అడిగినవి రెండు. దేశంలో సోలార్‌కి 748 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), గాలికి 1,164 గిగావాట్లు అవకాశం ఉందంటున్నారు కదా, మరి కృష్ణపట్నం పక్కన ఇంకా బొగ్గెందుకు కాలుస్తున్నారు అన్నది ఒకటి. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు మీ 30 ఎకరాల రొయ్యల చెరువుల్ని, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లతో సహా, వాటి పక్కనున్న 10 ఎకరాల చౌడు నేల ఆసరాతో పూర్తిగా సోలార్ మీద నడపొచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాన్లోనే ఉంది. తొందరలో ఉన్నవాళ్లకి ఒక్క మాట: మనకి యూనిట్లకి కరువు లేదు, కరువంతా ఆ యూనిట్లు వచ్చే గంటలకి.

ముందు ఆ పెద్ద అంకెల సంగతి. సోలార్ 748.98 గిగావాట్లు అన్నది జాతీయ సౌరశక్తి సంస్థ 2014లో వేసిన లెక్క. దేశంలోని బంజరు భూమిలో 3 శాతం ప్యానెళ్లతో కప్పితే అని అనుకుని వేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 38.44 గిగావాట్లు. 3 బదులు 6 శాతం అనుకుంటే అంకె రెట్టింపవుతుంది, ఎండ మాత్రం అంతే ఉంటుంది. గాలి లెక్క ఇంకా తమాషా. జాతీయ పవనశక్తి సంస్థ 100 మీటర్ల ఎత్తులో 302 గిగావాట్లంది, 120 మీటర్లకి 695, 150 మీటర్లకి 1,164. గాలి మారలేదు, టవర్ పెరిగింది. మన రాష్ట్రానికి 120 మీటర్ల దగ్గర 74.9, 150 దగ్గర 123.3. పైగా 100 మీటర్ల లెక్కలో బంజరులో 80 శాతం, సాగు భూమిలో 30 శాతం, అడవిలో 5 శాతం దొరుకుతుందని ఊహించుకున్నారు. భూమి ఇచ్చే రైతు, లైను వెళ్లే దారి ఆ ఊహలో లేవు. అందుకే ఈ అంకెల్ని నిల్వ ఉన్న సరుకులా చూడకూడదు, షరతులతో కూడిన అంచనాలా చూడాలి.

గిగావాట్లని యూనిట్లలోకి మార్చండి, బొమ్మ తేటపడుతుంది. మన దగ్గర 1 కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి 1,450 నుంచి 1,500 యూనిట్లు ఇస్తుంది. దేశమంతటికీ అదే లెక్క వేస్తే 748 గిగావాట్లకి సుమారు 1.12 లక్షల కోట్ల యూనిట్లు. 2023-24లో దేశం మొత్తం ఉత్పత్తి దాదాపు 1.74 లక్షల కోట్ల యూనిట్లు. అంటే సోలార్ ఒక్కటే, అదీ 3 శాతం బంజరులోనే, మూడింట రెండొంతుల దగ్గరికి వస్తోంది. 150 మీటర్ల గాలిని 30 శాతం సామర్థ్యంతో లెక్కేస్తే 3 లక్షల కోట్ల యూనిట్లు దాటుతుంది. కాబట్టి "సరిపోదు" అనేవాళ్ల మాట నమ్మకండి, ఏడాది మొత్తానికి చూస్తే సరిపోతుంది.

చిక్కు ఎక్కడుందో కృష్ణపట్నం పక్కనున్న నేలటూరు బొగ్గు ప్లాంట్‌తో చూద్దాం. మూడు 800 మెగావాట్ల యంత్రాలు, మొత్తం 2,400. ఏడాదంతా సగటున 70 శాతం నడిచిందనుకుంటే సుమారు 1,470 కోట్ల యూనిట్లు. అన్ని యూనిట్లు సోలార్‌తో రావాలంటే? లైనులోకి ఇచ్చే (ఏసీ) 1 మెగావాట్‌కి ప్యానెళ్లు (డీసీ) 1.3, 1.4 మెగావాట్లు వేస్తారు కాబట్టి మెగావాట్‌కి ఏడాదికి 20 లక్షల యూనిట్లు అనుకోండి. 7,400 మెగావాట్ల దాకా కావాలి. మెగావాట్‌కి 4 నుంచి 5 ఎకరాల చొప్పున ఓ 35 వేల ఎకరాలు. కనిగిరి, పామూరు, దొనకొండ వైపు మెట్ట నేలలు చూసినవాళ్లకి ఇది అసాధ్యమైన విస్తీర్ణంలా అనిపించదు. కానీ ఆ 7,400 మెగావాట్లు మధ్యాహ్నం 12 గంటలకి ఒక్కసారిగా వచ్చి పడతాయి, సాయంత్రం ఆరున్నరకి సున్నా. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు మొదలయ్యేదే అప్పుడు. ఇటు బొగ్గు యంత్రాన్ని మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం స్విచ్ వేసినట్టు లేపలేం. ప్రస్తుత నిబంధన ప్రకారం 55 శాతానికి దిగాలి, అంటే 800లో 440 మెగావాట్లు. మూడు యంత్రాలూ సాయంత్రం కావాలంటే పగలు 1,320 మెగావాట్లు కాలుస్తూనే ఉండాలి. ఆ మేరకు సోలార్‌కి చోటు తగ్గుతుంది. పగలు సోలార్‌ని తగ్గించమని గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఆదేశాలు రావడానికి ఒక కారణం ఇదే. ఇంకోటి, లైన్లు చాలకపోవడం.

రోజులో గంటల తర్వాత ఏడాదిలో నెలలు. రాయలసీమ గాలిమరలు జూన్ నుంచి ఆగస్టు దాకా జోరుగా తిరిగి అక్టోబర్ నవంబర్‌లలో చల్లబడతాయి. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఎక్కువ వాన పడేది కూడా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకే, ఈశాన్య రుతుపవనాలకి. అంటే గాలీ ఎండా రెండూ మన దగ్గర ఒకేసారి మొహం చాటేసే నెల నవంబర్. బాగా ఎండ కాసే మార్చిలో కిలోవాట్‌కి రోజుకి 4.5 నుంచి 5 యూనిట్లు ఇచ్చే ప్యానెల్ ముసురు పట్టిన రోజు 1, 1.5 దగ్గర ఆగుతుంది. మే నెలలో ఇంకా ఎక్కువ వస్తుందనుకునేవాళ్లున్నారు, రాదు. ప్యానెల్ లోపల వేడి 65 డిగ్రీలకి పోతుంది. 25 దాటాక డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు.

మిగతా వనరుల గురించి రెండు ముక్కలు చాలు. సముద్రపు ఆటుపోట్లతో కరెంటు అంటూ ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, కృష్ణపట్నం దగ్గర ఆటుపోట్ల తేడా ఒక మీటర్ అటూ ఇటూ, గుజరాత్ ఖంభాత్‌లో ఎనిమిది మీటర్ల పైమాట. సముద్రంలో గాలిమరలకి గుర్తించిన చోట్లు తమిళనాడు, గుజరాత్ తీరాలు, మనవి కావు. చిల్లకంప, సరుగుడు కొమ్మలతో నడిచే బయోమాస్ ప్లాంట్లకి 1 మెగావాట్‌కి ఏడాదికి 8 నుంచి 9 వేల టన్నుల కట్టె కావాలి. పేపరు మిల్లు కొనుగోలుదారుతో పోటీ పడి ధర పెంచుకోవడమే వాటి జబ్బు. పచ్చి కంపలో సగం నీళ్లే అన్నది రెండో జబ్బు. పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన బయోగ్యాస్ ప్లాంట్ కరెంటు కోసం కాదు, వాహనాలకి వాడే గ్యాస్ కోసం. నిల్వ విషయానికొస్తే, నీళ్లు పైకి తోడి, తర్వాత కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతిలో (పంప్డ్ స్టోరేజ్) 1 యూనిట్ దాచాలంటే 100 మీటర్ల ఎత్తున సుమారు 4 వేల లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి. తీరంలో ఆ ఎత్తు ఎక్కడుంది? వెలిగొండల వైపు వెళ్లాల్సిందే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టడానికి కారణం అక్కడున్న ఎత్తే.

ఇక మీ చెరువుల లెక్క. ఒక ఎకరా తీసుకుందాం, పట్టుబడికి దగ్గరలో 3 టన్నుల వెనామీ రొయ్య ఉందనుకోండి. 400 నుంచి 500 కిలోలకి 1 హెచ్‌పీ చొప్పున 2 హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు. ఒక్కోటి లైను నుంచి తీసుకునేది 1.8 కిలోవాట్లు. రాత్రి 10 గంటలు నాలుగూ తిరిగితే 72 యూనిట్లు, పగలు రెండు ఏరేటర్లు ఓ 4 గంటలు అంటే ఇంకో 14. మొత్తం 86. గమనించండి, ఆరింట అయిదొంతులు రాత్రి ఖర్చే. పగలు నీళ్లలోని ఆల్గే (సన్న నాచు) ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆల్గే రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. 3 పీపీఎం (లీటర్‌కి 3 మిల్లీగ్రాములు) లోపుకి పోతే రొయ్య పైకి తేలడం మొదలెడుతుంది.

ఇందులో అసలు మెలిక ముసురు రోజుది. మబ్బు పట్టి ఎండ లేకపోతే ఆల్గే పగలు కూడా ఆక్సిజన్ సరిగా ఇవ్వదు. పగలు రెండు ఏరేటర్లతో సరిపెట్టుకునేవాళ్లు ఆ రోజు నాలుగూ తిప్పాలి. అంటే మీ సోలార్ పావు వంతుకి పడిపోయిన రోజే మీ చెరువు ఎక్కువ కరెంటు అడుగుతుంది. వాయుగుండం పట్టి ఇది వరసగా నాలుగైదు రోజులు సాగొచ్చు, లైన్లు తెగేదీ ఆ రోజుల్లోనే. ఎంత బ్యాటరీ కొన్నా నవంబర్‌ని దాటించలేదు. అందుకని పూర్తిగా సోలార్ అన్న ఆలోచన మానుకోండి, జనరేటర్‌ని అమ్మకండి.

డబ్బు లెక్క ఇంకా కఠినం. ఎకరాకి రోజుకి 86 యూనిట్లంటే 22 కిలోవాట్ల ప్యానెళ్లు, కిలోవాట్‌కి 45 నుంచి 50 వేలు వేసుకుంటే 10, 11 లక్షలు. ఏడాదికి 32 వేల యూనిట్లు వస్తాయి. నెట్ మీటర్ (పగలు లైనులోకి పంపిన యూనిట్లని మీరు వాడినవాటిలోంచి తీసేసే మీటర్) ఇచ్చారనే అనుకుందాం. ఆక్వా జోన్ రాయితీలో (ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల చెరువులకి ఇచ్చే తక్కువ రేటు) మీకు యూనిట్ 1.50 పడుతుంటే మిగిలేది ఏడాదికి 48 వేలు, పెట్టుబడి తిరిగి రావడానికి 22 ఏళ్లు. ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటుని లైనుకి సరిపడే ఏసీగా మార్చేది) ఒకసారి మార్చాల్సి వచ్చే ఖర్చు అందులో కలపలేదు. రాయితీ లేకుండా 3.85 కడుతుంటే తొమ్మిదేళ్లలోపు. రాత్రి 72 యూనిట్లని బ్యాటరీలో దాచాలంటే నష్టాలతో కలిపి 85 నుంచి 90 యూనిట్ల బ్యాటరీ కావాలి. దాని ఖరీదు ప్యానెళ్ల ఖరీదుని మించుతుంది. రాయితీ సర్వీసు ఉన్న చెరువుకి బ్యాటరీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు బ్యాటరీ అమ్ముకునేవాళ్లే అయుంటారు.

ఇంకో అపోహ కూడా తీరాలి. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైనులో కరెంటు పోయిన మరుక్షణం ఆగిపోతుంది, నడి ఎండలోనైనా సరే. లైను మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. జనరేటర్ ఆన్ చేస్తే ఇన్వర్టర్ దాన్నే లైను అనుకుని మళ్లీ మొదలవుతుంది, అసలు గొడవ అప్పుడు. లోడంతా సోలార్ మోస్తే జనరేటర్ ఖాళీగా తిరుగుతుంది, 30 శాతం లోడు కంటే తక్కువలో గంటలకొద్దీ నడిస్తే డీజిల్ సరిగా మండక సైలెన్సర్‌లో నల్లటి జిడ్డు కారుతుంది. సోలార్ ఇంకా ఎక్కువైతే కరెంటు జనరేటర్‌లోకే ఎదురు పోతుంది. దీనికి కంట్రోలర్లు ఉన్నాయి, కానీ చెరువు గట్టు మీద తేలికైన మందు ఒక్కటే: జనరేటర్ నడుస్తున్నంతసేపూ సోలార్‌ని విడదీసే కాంటాక్టర్ ఇంటర్‌లాక్. హైబ్రిడ్ (బ్యాటరీతో కూడా నడిచే) ఇన్వర్టర్ పెట్టినవాళ్లు ఏరేటర్లన్నీ ఒకేసారి స్టార్ట్ కాకుండా 10 సెకన్ల తేడాతో టైమర్లు పెట్టుకోండి. డైరెక్ట్ స్టార్టర్ మీద మోటార్ లేచేటప్పుడు ఆరు రెట్ల కరెంటు లాగుతుంది, నాలుగూ కలిస్తే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు చేసేది సరిగ్గా అదే.

మరి సోలార్ ఎక్కడ పెట్టాలి? పగలు ఖర్చయ్యే చోట, యూనిట్ రేటు ఎక్కువున్న చోట. ఐస్ ఫ్యాక్టరీ, ప్రాసెసింగ్ ప్లాంట్. అక్కడ యూనిట్ ఆరు రూపాయల పైన పడుతుంది, నాలుగైదేళ్లలో పెట్టుబడి వస్తుంది. ఐస్ గడ్డ టన్నుకి 60 నుంచి 80 యూనిట్లు తీసుకుంటుంది. పగలు ఐస్ కట్టి దాచుకుంటే అదే బ్యాటరీ, బ్యాటరీ కంటే చవక. చెరువులకి బోరు నీళ్లు తోడే పని కూడా పగటికి మార్చొచ్చు. క్రీక్ (సముద్రపు పాయ) నుంచి తోడేవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు, పోటు సమయం రోజుకి 50 నిమిషాల చొప్పున జరుగుతూ పోతుంది, ఎండ కోసం ఆగదు. ఇంటి మీద అయితే లెక్క తేలిక: పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ, నెలకి 350 యూనిట్ల దాకా. ఇంట్లో అంత వాడకం లేకపోతే 2 కిలోవాట్లే వేసుకోండి, 60 వేలు వస్తుంది.

మీ 10 ఎకరాల చౌడుకి, రైతుల సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం కుసుమ్ పథకంలో ఎ విభాగం, ఇంకా దరఖాస్తులు తీసుకుంటుంటే, సరిపోతుంది. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు, 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి 5 కిలోమీటర్ల లోపు, డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) 25 ఏళ్ల ఒప్పందం. నెల్లూరుకి తిరుపతి డిస్కం, ప్రకాశానికి విజయవాడ డిస్కం, దరఖాస్తు తప్పు గుమ్మంలో వేయకండి. ఏ సబ్‌స్టేషన్‌కి ఎన్ని మెగావాట్లు అన్నది డిస్కం ప్రకటిస్తుంది, మీది ఆ జాబితాలో ఉంటేనే ముందుకెళ్లాలి. డబ్బు పెట్టేముందు నేల మీ పేరున ఏ రకంగా ఉందో, తీర ప్రాంత నియంత్రణ పరిధిలోకి వస్తుందో లేదో తేల్చుకోండి. తర్వాత మట్టి పరీక్ష: ఉప్పు, సల్ఫేట్ ఎక్కువుంటే మామూలు సిమెంట్ పైల్ (నేలలోకి దింపే పునాది స్తంభం) పొరలు ఊడుతుంది, రెండిటినీ తట్టుకునే సిమెంట్ అడగండి. నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, పైల్ పైకి లాగి చూసే పరీక్ష తడి నేలలో చేయించాలి, మే నెలలో చేసిన పరీక్ష ఎందుకూ పనికిరాదు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు ఊళ్లో వాళ్లకి గుర్తున్న వరద మట్టం కంటే అర మీటర్ పైకి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది గాలి. నిర్మాణ ప్రమాణాల్లో నెల్లూరుకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను తెలిసిన ఊళ్లకి ఇది కాగితం మీది అంకె కాదు. ఆ వేగంలో చదరపు మీటర్‌కి ఒత్తిడి దాదాపు 150 కిలోలు. 540 వాట్ల ప్యానెల్ 2.28 మీటర్లు బై 1.13, అంటే 2.58 చదరపు మీటర్లు, ఒక్కో ప్యానెల్‌ని పైకి లేపే బలం సుమారు 390 కిలోల దాకా. నాలుగు ప్యానెళ్లకి 1,550. ఇక డాబాల మీద వేసేది చూడండి: అడుగు బై అడుగు బై అడుగు కాంక్రీట్ దిమ్మెలు నాలుగు, ఒక్కోటి 65 కిలోలు, మొత్తం 260. ప్యానెళ్లు 112, స్ట్రక్చర్ ఓ 80. అన్నీ కలిపినా 450 కిలోలు. లేపే బలం సగమే అనుకున్నా ఆగదు. కింద మంచం వేసుకోవచ్చని ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తున కట్టే స్ట్రక్చర్‌కి మరీ ప్రమాదం. కాళ్లని పిల్లర్, బీమ్‌ల మీదికి తెచ్చి 12 ఎంఎం కెమికల్ యాంకర్లు 110 ఎంఎం లోతుకి వేయించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. దిమ్మెల మీద ఊరికే నిలబెట్టేవాడికి ఆర్డర్ ఇవ్వకండి. వంపు 15 డిగ్రీలు, దక్షిణ ముఖం. అంతకు మించి లేపితే గాలికి ఎక్కువ దొరుకుతుంది, యూనిట్లు పెరగవు.

తర్వాతిది ఉప్పు. గాల్వనైజింగ్ 80 మైక్రాన్లు, వేడి జింకులో ముంచినదే కావాలి. సైటులో డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం తుప్పుకి తలుపు, వెంటనే జింక్ పెయింట్ వేయాలి. బోల్టులు తీరానికి దగ్గరలో 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్. అల్యూమినియం క్లాంప్ నేరుగా జీఐ (జింకు పూత వేసిన ఉక్కు) మీద కూర్చుంటే ఉప్పు తేమకి రెండిటి మధ్య తెల్లటి పొడి కట్టి బిగువు వదిలిపోతుంది, మధ్యలో రబ్బరు ప్యాడ్ వేయండి. రెండు కంపెనీల డీసీ కనెక్టర్లు ఒకదాన్లో ఒకటి దూరతాయి, దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, వేడెక్కి కరిగేవి అవే. చెరువుల దగ్గర కొంగలు, నీటికాకుల రెట్ట పెద్ద బెడద, ఒక సెల్ మీద ఎండిపోతే అక్కడే వేడి పుట్టి గాజు కింద గోధుమ మచ్చ పడుతుంది. కడగడానికి ఉప్పు బోరు నీళ్లు వాడితే తెల్లటి చారలు కట్టి మళ్లీ వదలవు. మంచినీళ్లతో, తెల్లవారుజామునే కడగాలి.

మీ పక్కింటాయన ఇన్వర్టర్ మధ్యాహ్నం ఆగి ఆగి నడుస్తోందన్నారు కదా, అది ప్యానెల్ జబ్బు కాదు, ఓల్టేజీ. ఇన్వర్టర్ కరెంటుని లైనులోకి తోయాలంటే ఓల్టేజీ కాస్త పెంచాలి, కేబుల్ సన్నగా పొడవుగా ఉంటే మరీ పెంచాలి. 5 కిలోవాట్లు అంటే 22 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి మీటర్‌కి 60 మీటర్లు 6 చదరపు ఎంఎం రాగి కేబుల్ వేస్తే 8 ఓల్టులు అక్కడే పెరుగుతాయి, 16 చదరపు ఎంఎం అయితే 3. మిట్ట మధ్యాహ్నం మీటర్ దగ్గర, ఇన్వర్టర్ టెర్మినల్ దగ్గర రెండు చోట్లా ఓల్టేజీ కొలిచి, ఇన్వర్టర్ ఆఫ్ చేసి మళ్లీ కొలవండి. ఆఫ్‌లో కూడా మీటర్ దగ్గర 250 చూపిస్తే తప్పు లైనుది, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ తగ్గించమని సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. తేడా మీటర్‌కీ ఇన్వర్టర్‌కీ మధ్యే ఉంటే కేబుల్ మార్చాలి.

సైజు లెక్క పక్కాగా కావాలంటే 12 నెలల కరెంటు బిల్లులు, రాయితీ సర్వీసులు ఎన్నో కానివి ఎన్నో, ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏ, సబ్‌స్టేషన్ పేరు, జనరేటర్ సైజు, ఏరేటర్లు ఏ గంట నుంచి ఏ గంట వరకు తిరుగుతాయో ఇక్కడ పెట్టండి. నవంబర్ బిల్లు మాత్రం విడిగా చూపించండి, లెక్క దాంతోనే మొదలెట్టాలి.